ఇంటి పండుగా వదులుకోలేదు, తన సంగతీ దాచుకోలేదు

ఉగాది నాడు పొద్దున్నే దేవుని కడప గుడికి ఎప్పుడైనా వెళ్ళారా? వెళ్ళకపోతే ఈసారి తప్పకుండా వెళ్ళండి. పట్టుచీరలు, పంచెలతో పాటు బురఖాలూ టోపీలూ కూడా అదే వరసలో కనిపిస్తాయి. బీబీ నాంచారమ్మను పెళ్ళాడిన వెంకటేశ్వరస్వామి తమ ఇంటి అల్లుడని కడప ముస్లింల నమ్మకం. కొత్త సంవత్సరం రోజున అల్లుణ్ణి చూసిపోవడానికి వచ్చినట్టు పిల్లాజెల్లాతో వస్తారు, టెంకాయ కొడతారు, తీర్థం పుచ్చుకుని పోతారు. "మీరిక్కడేం పని?" అని అడిగేవాళ్ళు లేరు. గుడికి వచ్చినందుకు వాళ్ళ మతమూ ఎక్కడికీ పోలేదు. రెండూ వాళ్ళవే.

ఆ మధ్య ఒక ఉగాది నాడు ఆ గుడికి పోయి ఇల్లు చేరి, పొయ్యి మీద ఓళిగలకు పూర్ణం ఉడుకుతుండగా ఫోన్ మోగింది. ప్రొద్దుటూరు నుంచి మా చిన్నమ్మ కూతురు. పండగ పూట గొంతులో ఏడుపు.

"అక్కా, మావాడు ఇంక మన పండగలకు పనికిరాడా?"

కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్ళు. సంబంధాలు చూస్తూ ఉన్నారు. వారం ముందు తల్లికి ఒక్కదానికే ఫోన్ చేసి చెప్పినాడట, తనకు ఆడపిల్లల మీద ఆ మనసు లేదని, చిన్నప్పటి నుంచీ అంతేనని, తాను "గే" అని. ఆ మాటకు ఆమెకు సరిగ్గా అర్థం కూడా తెలియదు. ఆ తర్వాత వాడన్న మాటే ఆమెను ఎక్కువగా కోసింది. ఉగాదికి రానన్నాడు. వస్తే అందరూ పెళ్ళి సంగతే అడుగుతారు, అబద్ధం చెప్పలేను, నిజం చెప్తే మీరు తలెత్తుకోలేరు, అందుకని ఈ పండగలన్నీ నాకు పోయినట్టే అనుకుంటున్నా అన్నాడట.

చూశారా, పిల్లవాడు తనంతట తానే తీర్పు రాసుకున్నాడు. గే అయితే ఇంటి పండుగ మీద హక్కు పోతుందని. అమ్మ చేతి ఓళిగ కావాలంటే తన సంగతి దాచుకోవాలని, దాచుకోకపోతే ఓళిగ వదులుకోవాలని. ఇలా అనుకుంటున్న పిల్లలు మన కడప, కర్నూలు ఇళ్ళల్లో ఒకరిద్దరు కాదు. ఆడపిల్లలూ ఉన్నారు. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఉండి ఉండవచ్చు.

ఆ రోజు మా చెల్లెలికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పూర్ణం అడుగంటింది, అది వేరే సంగతి. కానీ ఫోన్ పెట్టేశాక నాకు సికింద్రాబాదు ఆంటీ గుర్తొచ్చింది.

సింధీ ఆంటీ కఢీ

మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్ళు సికింద్రాబాదులో ఉన్నాం, సింధీ కాలనీకి దగ్గర్లోనే. మా పై వాటాలో ఒక సింధీ కుటుంబం. ఆదివారం వచ్చిందంటే వాళ్ళింట్లోంచి శనగపిండి వేగుతున్న వాసన మెట్ల మీదుగా దిగివచ్చేది. కఢీ అంటే మనం మజ్జిగ పులుసు అనుకుంటాం. సింధీ కఢీలో మజ్జిగ చుక్క ఉండదు. మూడు చెంచాల నూనెలో జీలకర్ర, మెంతులు, ఇంగువ, కరివేపాకు వేసి, నాలుగు పెద్ద చెంచాల శనగపిండిని సన్నసెగ మీద ఎర్రగా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు. తర్వాత ఐదారు గ్లాసుల నీళ్ళు పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. పసుపు, కారం, ఉప్పు, అల్లం, పచ్చిమిరప వేసి బాగా మరగనిచ్చి, మునక్కాయ, ఉర్లగడ్డ, మనం మటిక్కాయలంటామే ఆ గోరుచిక్కుళ్ళు వేయాలి. అవి ఉడికాకనే చింతపండు పులుసు పోయాలి. ముందే పోస్తే ముక్క ఉడకదు. చివరగా విడిగా వేయించిన బెండకాయలు. వేడి అన్నంలో పోసుకుంటే మన పులుసుకు చిన్నాన్న కూతురిలా ఉంటుంది. జొన్నరొట్టెలోకీ బాగుంటుందని నేను కనిపెట్టాను. ఆంటీ ఒప్పుకోలేదు!

చెప్పొచ్చేదేమంటే, ఈ కఢీని ఆమె ఆదివారం ఆదివారం రెండుసార్లు చేసేది. ఒకటి మా పొయ్యి పైన వాటాలో. రెండోది ఫోన్లో, కెమెరా ముందు, విదేశంలో ఉన్న కొడుక్కి చూపిస్తూ. ఆ కొడుకు పక్కన ఇంకో అబ్బాయి నిలబడి మునక్కాయలు తరుగుతుండేవాడు. స్నేహితుడేమో అనుకున్నాను చాలా రోజులు. ఒకనాడు ఆమే చెప్పింది, వాళ్ళిద్దరూ కలిసి బతుకుతున్నారని. దాచుకుంటూ చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. మీ అమ్మాయి ఏ కాలేజీ అని అడిగినంత మామూలుగా చెప్పింది.

నేనేదో అనబోయి ఆగిపోయాను. ఆమెకు అర్థమైంది. తమ పెద్దవాళ్ళు 1947లో సింధు నుంచి కట్టుబట్టలతో వచ్చారని, ఇల్లు పోయినా, ఊరు పోయినా, చివరికి రాష్ట్రమనేదే లేకపోయినా సింధీలు సింధీలుగానే ఉన్నారని చెప్పింది. కొడుకు ఆడపిల్లను చేసుకోనంత మాత్రాన వాడు సింధీ కాకుండా ఎట్లా పోతాడు అన్నది ఆమె లెక్క.

ఆ లెక్క వెనక పెద్ద చరిత్రే ఉంది. దేశవిభజనలో పంజాబు, బెంగాలు రెండుగా చీలాయి. చెరి సగం అటూ ఇటూ మిగిలింది. సింధు అలా కాదు, మొత్తంగా పాకిస్తానుకు పోయింది. అక్కడి హిందువులు లక్షల సంఖ్యలో ఓడల్లో, రైళ్ళలో బొంబాయి, గుజరాత్, రాజస్థాన్ వైపుకు వచ్చారు. బొంబాయి దగ్గర కల్యాణ్ క్యాంపులో తలదాచుకున్నవాళ్ళ ఊరే తర్వాత ఉల్లాస్‌నగర్ అయింది. భాష పేరుతో రాష్ట్రాలు ఏర్పడినప్పుడు సింధీకి రాష్ట్రం లేదు, ఎందుకంటే నేల లేదు. అయినా పట్టుపట్టి 1967 ఏప్రిల్ 10న తమ భాషను రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో చేర్పించుకున్నారు. జాతీయగీతంలో సింధు పేరు ఎందుకని ఎవరో సుప్రీంకోర్టు దాకా పోతే, ఆ పేరు ఉండాల్సిందేనని 2005లో కోర్టు చెప్పింది. అద్వానీ, కృపలానీ, షహానీ అని ఆ ఇంటిపేర్ల చివర వచ్చే "ఆనీ" ఉందే, దానికి ఫలానావాళ్ళ సంతతి అని అర్థం. నేల పోయినవాళ్ళు ఇంటిపేరును అంత గట్టిగా పట్టుకున్నారు.

మన ఉగాది రోజునో మర్నాడో వాళ్ళ చేటీచండ్ పండుగ. చేటీ అంటే చైత్రం, చండ్ అంటే చంద్రుడు. చేప మీద కూర్చున్న ఝూలేలాల్ వాళ్ళ దేవుడు. గోధుమపిండి ప్రమిదలో దీపం పెట్టి, పటికబెల్లం, ఏలకులు, పళ్ళు, కలశం పేర్చి ఊరేగింపుగా నీళ్ళ దగ్గరికి తీసుకుపోతారు. తాహిరీ అనే తియ్యటి అన్నం వండుతారు. ఆంటీ కొడుకు ఉన్న దేశంలో ఆ రోజుకి ఇంకా మంచు కురుస్తుంటుందట. అయినా వాళ్ళిద్దరూ దీపం పెట్టి, ఏ చెరువు గట్టుకో పోయి వస్తారట. ఆ ఫొటో ఆమె ఫోన్లో అందరికీ చూపించింది, కాలనీలో ముసలమ్మలతో సహా.

బొంబాయిలో పర్మేశ్ షహానీ అనే రచయిత ఉన్నారు. సింధీ. తాను గే అని దాచుకోకుండా 2008లో "గే బాంబే" అనే పుస్తకం రాశారు. పెద్ద పెద్ద కంపెనీల్లో ఇలాంటి పిల్లలను ఎలా గౌరవంగా చూడాలన్న దాని మీద 2020లో "క్వీరిస్తాన్" రాశారు. పుస్తకం అట్ట మీద ఆ "ఆనీ" అలాగే ఉంది. మారుపేరు పెట్టుకోలేదు.

"బొంబాయిలో చెల్లుతుందమ్మా, మన సీమలో కాదు" అంటారు కదూ? మా చెల్లెలూ అదే అంది. అయితే బొంబాయి దాకా పోవద్దు, ఆదోని దాటి రండి చాలు.

బళ్ళారి దారిలో

కర్నూలు నుంచి ఆదోని మీదుగా బళ్ళారి, అక్కడికి దగ్గరలోనే కొండల మధ్య సండూరు. ఇప్పుడు కర్నాటక గానీ, 1953 దాకా బళ్ళారి మన కడప, కర్నూలు, అనంతపురాలతో పాటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి, బళ్ళారి అటు పోయింది. ఎండలూ ఒకటే, జొన్నరొట్టే ఒకటే, పెళ్ళి కాని కొడుకు గురించి చుట్టాలు గుసగుసలాడే తీరూ ఒకటే.

ఆ సండూరులో 1969లో పుట్టిన వసుధేంద్ర ఇవాళ కన్నడంలో ఎంతో పేరున్న రచయిత. ఇంజనీరింగ్ చదివి బెంగుళూరులో ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. "ఛంద పుస్తక" పేరుతో సొంత ప్రచురణ సంస్థ పెట్టి కొత్తవాళ్ళ కథలు అచ్చువేశారు. ఆయన్ని కన్నడ ఇళ్ళలోకి తీసుకుపోయింది తల్లి మీద రాసిన వ్యాసాల పుస్తకం. దాని పేరుకు తెలుగులో "మా అమ్మంటే నాకిష్టం" అని అర్థం. ఇల్లు, వంటిల్లు, అమ్మ మాటతీరు, మధ్యతరగతి కష్టసుఖాలు, అన్నీ అందులో ఉంటాయి.

అంత ప్రేమగా అమ్మ గురించి రాసిన చేత్తో ఆయన ఇంకో మాట చాలా ఏళ్ళు రాయలేకపోయారు. లోపల్లోపల కుంగిపోయిన రోజులున్నాయని, డాక్టర్ల సాయం తీసుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. గే కుర్రవాడి కథ మొదటిది రాసినప్పుడు మారుపేరుతో అచ్చయింది. నలభై దాటాక, 2013లో, ఆ కథలన్నీ కలిపి "మోహనస్వామి" పేరుతో పుస్తకంగా వేసినప్పుడు మాత్రం అట్ట మీద సొంత పేరే వేసుకున్నారు. మోహనస్వామి మనకు తెలిసిన కుర్రవాడే. పల్లె నుంచి వస్తాడు. చిన్నప్పుడు సైకిలు తొక్కడం రాదని, నడక ఆడపిల్లలా ఉందని తోటివాళ్ళు ఏడిపిస్తారు. దేవుడి మీద భక్తి ఉంటుంది. వంట బాగా చేస్తాడు. ప్రేమించినవాడు ఇంట్లోవాళ్ళ మాట విని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి 2016లో వచ్చింది, తెలుగులోకీ వచ్చింది.

నాకు నచ్చిన సంగతి ఇదీ. ఆ పుస్తకం తర్వాత ఆయన ఊరినీ భాషనీ విడిచిపెట్టి పోలేదు. 2019లో "తేజో తుంగభద్ర" అనే పెద్ద నవల రాశారు. పోర్చుగల్‌లోని తేజో నది ఒడ్డు నుంచి విజయనగరం దాకా నడిచే కథ. తుంగభద్ర అంటే ఎవరిది? హంపి పక్కన పారి మన మంత్రాలయం, కర్నూలు గుమ్మం ముందు నుంచి పోయే నదే కదా. ఆ నవలను తెలుగు చేసిన రంగనాథ రామచంద్రరావుగారిది ఆదోనే. గే అని చెప్పుకున్నవాడు ఊరికి, నదికి, అమ్మకు పరాయివాడైపోతాడని ఎవరైనా అంటే ఈ నవల చేతికివ్వండి.

ప్రైడ్ అంటే పొగరు కాదు

పట్నాల్లో ఈ పిల్లలు ఊరేగింపులు తీస్తారు, ప్రైడ్ అంటారు. దేశంలో మొదటిది 1999 జులై 2న కలకత్తాలో. నడిచింది పదిహేను మంది మాత్రమే. మన హైదరాబాదులో 2013 నుంచి మొదలైంది. ఆ మాటకు మన పత్రికలు "గర్వం" అని రాస్తే చదివేవాళ్ళకు చిర్రెత్తుకొస్తుంది. ఇందులో గర్వపడ్డానికేముంది అని. తెలుగులో గర్వమంటే పొగరు అనే అర్థం కూడా ఉంది మరి. ఆత్మాభిమానం అనుకుంటే సరిపోతుంది.

అది మనకు తెలియనిదా? 1800లో నిజాము మన ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు ధారపోశాడు. అప్పటినుంచి మనల్ని సీడెడ్ జిల్లాలు అన్నారు, దత్తమండలాలు అన్నారు. అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని. మన పెద్దలకు ఆ పేరు నచ్చలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" అన్నారు. నేల అదే, కరువు అదే, పేరు మాత్రం మనం పెట్టుకున్నది. ఇవాళ ఎవరైనా మీది ఏ ఊరంటే సీమ అని ఎంత దర్జాగా చెబుతాం! ఈ పిల్లలు చేసిందీ అదే. వీధిలో వాళ్ళను పిలిచే బూతుమాటలు వద్దనుకుని తమకొక పేరు పెట్టుకున్నారు. పత్రికలు రాసే "స్వలింగ సంపర్కులు" అన్న మాట కూడా నాకు ఏమాత్రం నచ్చదు. మిమ్మల్ని నన్నూ ఎవరైనా "భర్తృ సంపర్కులు" అంటారా? మనది సంసారం, వాళ్ళది సంపర్కమా?

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గే అంటే హిజ్రా అని చాలామంది అనుకుంటారు. కాదు. గే కుర్రాడు మగవాడే, మగవాడిగానే ఉంటాడు, మనసు మాత్రం మగవాడి మీదకు పోతుంది. ఆడపిల్ల మనసు ఆడపిల్ల మీదకు పోతే లెస్బియన్ అంటారు. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్‌లు తమను తాము ఆడదిగానో మగవాడిగానో ఎలా భావించుకుంటారన్నది వేరే విషయం. ఎవరి గౌరవం వాళ్ళది.

డాక్టరు మందు, కోర్టు మాట

మా చెల్లెలి రెండో ప్రశ్న: "యాడన్నా చూపిస్తే నయం కాదా అక్కా?"

నయం చేయడానికి అది జబ్బు కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే జబ్బుల పట్టిక నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో ఇదే మాట చెప్పింది. మార్చేస్తామని కరెంటు షాకులు, ఇంజెక్షన్లు, నెలల తరబడి కోర్సులు పెట్టే డాక్టర్లు ఉన్నారు. అది వృత్తి ధర్మానికి విరుద్ధమని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. తాయెత్తులూ, పసర్లూ, పూజలూ కూడా ఆ కోవలోవే. డబ్బు పోతుంది, బిడ్డ మనసు విరుగుతుంది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్‌గారి ముందుకు ఇద్దరమ్మాయిల కేసు వస్తే, నాకే ఈ విషయం సరిగా తెలియదు, ముందు నేను నేర్చుకుంటానని కౌన్సిలర్ దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ తీర్పు చెప్పారు. జడ్జిగారే నేర్చుకున్నారు, మనకేం నామోషీ?

నేరమేమోనన్న భయం కూడా పెట్టుకోకండి. ఇంగ్లీషువాళ్ళు 1860లో రాసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది. ఇష్టపడి కలిసి ఉన్న పెద్దవాళ్ళ మీద అది చెల్లదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులూ ఒక్కమాటగా చెప్పారు. 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు. మన రాష్ట్ర హైకోర్టు కూడా 2024 డిసెంబరులో ఒక మంచి తీర్పు ఇచ్చింది. ఇద్దరమ్మాయిలు విజయవాడలో కలిసి ఉంటుంటే తండ్రి ఒకరిని తీసుకుపోయి ఇంట్లో ఉంచేశాడు. ఆమె మేజరు, ఎవరితో ఉండాలో ఆమె ఇష్టం, తల్లిదండ్రులు అడ్డుపడరాదు అని కోర్టు చెప్పింది.

పెళ్ళి మాత్రం చట్టంలో ఇంకా లేదు. దాని కోసం కోర్టుకెక్కినవాళ్ళలో ముందు పేరు హైదరాబాదులో కాపురముంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లది. ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ. 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో ఇరువైపుల ఆప్తుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. పసుపు పూశారు, మెహందీ పెట్టారు, పాటలు పాడారు. బెంగాలీ పద్ధతీ ఉంది, పంజాబీ పద్ధతీ ఉంది. ఆచారాలేవీ మాకు వద్దనలేదు వాళ్ళు, మాకూ చేయండన్నారు. ఈ తేడా గమనించారా? ఇంట్లో ఆచారం పోతుందని భయపడే పెద్దవాళ్ళకు ఇది తెలియాలి. 2022లో వాళ్ళు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న తీర్పు చెబుతూ, పెళ్ళి హక్కు ఇవ్వడం పార్లమెంటు పని అంది. పునఃసమీక్షనూ 2025 జనవరిలో కొట్టేసింది. అయితే ఇద్దరు కలిసి బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి, నామినీగా రాసుకోవడానికి అడ్డు లేదని, రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడాలని కేంద్రం 2024లో స్పష్టం చేసింది. ఇల్లు నడపడం తెలిసిన మనకు ఇది చిన్న విషయం కాదని తెలుసు.

ఆ కేసు నడుస్తున్నప్పుడే, 2023 ఏప్రిల్‌లో, నాలుగు వందల మందికి పైగా తల్లిదండ్రులు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు, మా బిడ్డల పెళ్ళి మేం కళ్ళారా చూడాలి అని. "స్వీకార్" అనే తల్లిదండ్రుల సంఘం రాయించింది అది. 

చెల్లెలికి నేను చెప్పినవి

మర్నాడు నేనే ఫోన్ చేశాను. గంటన్నర మాట్లాడాను, ఫోను కాలిపోయింది చేతిలో. అందులో కొన్ని మీకూ చెబుతాను.

వాడు నీకు చెప్పడానికి పదిహేనేళ్ళు పట్టింది, నువ్వు అర్థం చేసుకోవడానికి పది రోజులైనా పట్టొచ్చు, తప్పులేదు, ఆ మాటే వాడితో చెప్పు అన్నాను. నా తల మీద చెయ్యి పెట్టి మారతానని ఒట్టు వెయ్యమని మాత్రం అనవద్దన్నాను. మారేది కాదు కాబట్టి వాడు నీకు అబద్ధమైనా చెప్పాలి, నీకు దూరమైనా కావాలి. బావకు చెప్పాలా, ఎప్పుడు చెప్పాలన్నది వాణ్ణే అడుగు. వాడి సంగతి వాడిది, నీ కడుపులో బరువు దింపుకోవడానికి చుట్టాలకు పంచిపెట్టేది కాదు. నాకు చెప్పావు, సరే, అది కూడా వాడికి చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా కోప్పడ్డాను. "ఒకసారి పెళ్ళయితే అదే సర్దుకుంటుందేమో అక్కా, ఆళ్ళగడ్డ సంబంధం ఇంకా ఉండాది" అంది. ఎవరి బిడ్డ గొంతు కోస్తావు? అన్నాను. నీ కొడుకు కోసం నువ్వు ఏడుస్తున్నావు, ఆ పిల్ల తల్లి ఏం పాపం చేసింది? మొగుడు పక్కన పడుకోకపోతే లోపం తనదేనని కుమిలిపోయిన ఆడపిల్లలు, పిల్లలు పుట్టలేదని అత్త సూటిపోటి మాటలు పడ్డ ఆడపిల్లలు, మందులు మింగిన ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టినవాళ్ళు లేరు. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు, ఇదొక్కటి మరవకండి. తెలిసి తెలిసి అలాంటి పెళ్ళి చేస్తే అది ఇద్దరి బతుకు మీద దెబ్బ.

నీకు నిద్ర పట్టకపోతే, వాడి గొంతులో దిగులు మరీ ఎక్కువగా వినిపిస్తే 14416కు ఫోన్ చెయ్యమన్నాను. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో చెప్పిన మొదటి రోజుల్లో, తలుపు మూసుకుపోయిందనుకున్నప్పుడు ఇలాంటి పిల్లలు ప్రాణం మీదకు తెచ్చుకునే ప్రమాదం ఉంటుంది. అందుకని మొదటి రోజుల్లో ఏమీ మాట్లాడలేకపోతే కనీసం "అన్నం తిన్నావా నాయనా" అనైనా రోజూ అడుగు అన్నాను.

ఇక తన మొదటి ప్రశ్న ఉంది కదా, మన పండగలకు పనికిరాడా అని. పెద్దల పండుగకు వాడు దండం పెడితే వాళ్ళ తాత తీసుకోడా? కులదేవత గుడి మెట్లెక్కితే దేవత లేచి పోతుందా? గండి వీరాంజనేయుని దగ్గర వాడికి తీసిన పుట్టువెంట్రుకలు వెనక్కి వస్తాయా? సింధీ ఆంటీ సంగతి అప్పుడే చెప్పాను. కఢీ సంగతి కూడా. శ్రద్ధగా విని, "మునక్కాయ ఎన్ని వేసేది?" అని అడిగింది. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

తర్వాతి ఉగాదికి వాడు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. ముందు రోజు రాత్రి తల్లి నాకు ఫోన్ చేసి ఓళిగలు ఎన్ని చెయ్యాలో అడిగింది, తిరిగిపోయేటప్పుడు ఇద్దరికి సరిపడా డబ్బాలో పెట్టి పంపాలట. ఇద్దరని తనే అంది, నేను అడగలేదు. బావకు అప్పటికి మూడు నెలల క్రితం వాడే ఫోన్లో చెప్పాడు. ఆయన ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు, కొడుకుతో పెద్దగా మాట్లాడటమూ లేదు. పండగ పూట కూడా పంచాంగం చదివించి, ఇద్దరూ మౌనంగానే భోంచేశారట. అయితే బెంగుళూరు బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుందని తెలిసి, మూడున్నరకే లేచి, ఎవరూ చెప్పకుండానే బండి తీసుకుని బస్టాండుకు పోయి నిలబడింది మాత్రం ఆయనే.